6 మిల్లీమీటర్ల స్టడ్డు, మూడు ఆదివారాలు

నాన్న బండి సైలెన్సర్‌ని ఇంజన్‌కి పట్టి ఉంచే స్టడ్డు (తల లేకుండా రెండు కొసలా మరలుండే బోల్ట్) విరిగింది. నేనే విరగ్గొట్టాను. ఒకటి కాదు, రెండూ.

బండి 1998 మోడల్, 100 సీసీ. ఉద్యోగం చేసినన్నాళ్లూ నాన్న మల్కాజిగిరి నుంచి సనత్‌నగర్‌కి దాని మీదే వెళ్లొచ్చాడు. రిటైరయ్యాక సెల్లార్‌లో ఓ మూల కవర్ కప్పుకుని కూర్చుంది (బండి, నాన్న కాదు). సంక్రాంతి సెలవుల్లో బయటికి తీద్దామని కిక్ కొడితే పదో కిక్కుకి స్టార్టయింది కూడా, కానీ ఇంజన్‌కి సైలెన్సర్ పైపు తగులుకునే చోట పట్ పట్ మని పొగ లీకవుతోంది. ఆ అతుకులోంచి పొగ రాకుండా ఆపే గ్యాస్కెట్ పోయింది. పుత్లీబౌలిలో కొత్తది నలభై రూపాయలు. రెండు నట్లు విప్పాలి, పాత గ్యాస్కెట్ గీకి తీసేయాలి, కొత్తది పెట్టి నట్లు బిగించాలి. అరగంట పని. మూడు ఆదివారాలు పట్టింది, మొత్తం ఎంతయిందో నాన్నకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

ఇంజన్‌లో ఏ బోల్టయినా మొరాయించొచ్చు గానీ, సైలెన్సర్ స్టడ్డుల పరిస్థితి మరీ అన్యాయం. అవి దిగే ఇంజన్ పైభాగం, అంటే హెడ్, అల్యూమినియం, స్టడ్డు ఉక్కు. బండి నడిచినప్పుడల్లా కాలిపోవడం, ఆపినప్పుడల్లా చల్లారడం, వానాకాలంలో ముందు చక్రం చిమ్మే బురదనీళ్లన్నీ నేరుగా వాటి మీదే. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఆ ఉబ్బడానికి నట్టు లోపల చోటుండదు కాబట్టి థ్రెడ్‌లోనే (మరల్లోనే) బిగుసుకుపోతుంది. ఇరవై ఏళ్లకి పైగా అలా వదిలేస్తే నట్టు, స్టడ్డు వేర్వేరు వస్తువులని చెప్పడమే కష్టం. బయట మిగిలిన స్టడ్డు కూడా తుప్పుకి సన్నబడి ఉంటుంది. 6 మిల్లీమీటర్లని పేరే గానీ నాదాంట్లో గట్టి లోహం నాలుగున్నర కూడా లేదు, ఆ సంగతి విరిగాక కదా చూశాను.

నేను చేసిందేంటంటే, డబ్బాలోంచి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, ఐదు నిమిషాలు ఫోన్ చూసుకుని, పది నంబర్ రింగ్ పానా తగిలించి, అది కదలకపోతే పానాకి ఓ పైపు ముక్క తొడిగి లాగాను. పానా మెత్తగా తిరగడం మొదలైంది. హమ్మయ్య వదిలింది అనుకున్నాను. వదలడం కాదది, స్టడ్డు మెలితిరిగి సాగడం. ఓ పావు చుట్టు తిరిగాక టక్ మంది. నిజంగా వదులుతున్న నట్టుకీ, తెగబోతున్న స్టడ్డుకీ తేడా ఇప్పుడైతే చేతికి తెలుస్తోంది: తుప్పు పట్టిన నట్టు వదిలేటప్పుడు కిర్రుమంటుంది, గరగరలాడుతుంది, ఒక్కసారిగా తేలికవుతుంది. తెగబోయేది మాత్రం చప్పుడు లేకుండా, వేడి చేసిన బెల్లం పాకంలా సాగుతుంది. చేతికి ఆ మెత్తదనం తగిలిందా, అక్కడే ఆపేయాలి. వెనక్కి బిగించే వైపు కొంచెం తిప్పాలి, మళ్లీ నూనె పోయాలి, కొంచెం విప్పాలి, మళ్లీ బిగించాలి. ఇలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే నూనె థ్రెడ్‌లోకి దిగుతుంది, తుప్పు పొడి బయటికొస్తుంది.

స్ప్రే సంగతి ఒకటి చెప్పాలి. ఐదు నిమిషాలు చాలదు. రాత్రి కొట్టి, పొద్దున కొట్టి, మళ్లీ రాత్రి కొట్టి మర్నాడు విప్పాలి. పాతకాలం మెకానిక్‌లు కిరోసిన్ పోసేవాళ్లు, ఇప్పుడు కిరోసిన్ దొరికితే అదే పెద్ద వార్త. ఆటోమేటిక్ గేర్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి వాడేవాళ్లున్నారు, బాగానే దిగుతుంది గానీ అసిటోన్ భగ్గున అంటుకునే సరుకు, దాని దగ్గర మంట పెట్టకండి. వీటన్నిటికంటే బాగా పనిచేసేది వేడి. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అందుకని హెడ్‌లో ఇరుక్కున్న స్టడ్డు చుట్టూ లోహాన్ని 120, 150 డిగ్రీల దాకా వేడి చేస్తే పట్టు సడలుతుంది. ఆ వేడి మీద కొవ్వొత్తి ముక్క ఆనిస్తే మైనం కరిగి థ్రెడ్‌లోకి లాక్కుపోతుంది. పెట్రోల్ ట్యాంక్ ముందే తీసి దూరంగా పెట్టాలని నేను చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే నేను తీయలేదు, పక్క ఫ్లాట్ అంకుల్ చూసి కేకలేస్తే తీశాను.

ఒకటి విరిగాక అయినా ఆపాలి కదా. ఆపలేదు. "ఒకటి పోనే పోయింది, రెండోదైనా సరిగ్గా తీద్దాం" అనే ఒక దరిద్రపు ఆలోచన వస్తుంది మనిషికి. మొదటిది విరిగితే ఇంకా మూడు, నాలుగు మిల్లీమీటర్ల మొండెం బయట మిగిలింది. రెండోది హెడ్ అంచుకి సమానంగా, పట్టుకోడానికి ఏమీ లేకుండా తెగింది.

అప్పుడు ఆన్‌లైన్‌లో ఈజీ అవుట్ సెట్టు తెప్పించాను. మొదటి ఆదివారం అలా గడిచింది. తెలియనివాళ్ల కోసం: విరిగిన బోల్ట్ నడుమ సన్నగా చిల్లు వేసి, ఎడమవైపు మెలిక ఉన్న ఈ పనిముట్టుని దాంట్లో దింపి విప్పే దిశలో తిప్పితే, అది లోపల కరుచుకుని బోల్ట్‌ని బయటికి తెస్తుందట. పేరులోనే ఈజీ ఉంది, అదే దాంతో వచ్చిన తంటా. ఒక్కసారి ఆలోచించండి. పూర్తి మందం ఉన్న స్టడ్డే ఆ పట్టుని వదిలించలేక తెగింది. దాని మధ్యలో 3 మిల్లీమీటర్ల చిల్లులో దూరే ఇంకా సన్నటి పుల్ల ఆ పని ఎలా చేస్తుంది? పైగా ఆ పుల్ల లోపలికి దిగేకొద్దీ స్టడ్డుని పక్కలకి ఉబ్బించి థ్రెడ్‌కి ఇంకా గట్టిగా అదుముతుంది. మామూలుగా బిగుసుకుని, తుప్పు లేకుండా తల మాత్రం తెగిన పెద్ద బోల్ట్‌కి అది పనికొస్తుంది, నేనూ తర్వాత ఒకదానికి వాడాను. తుప్పు పట్టిన 6 మిల్లీమీటర్ల స్టడ్డుకి మాత్రం వాడొద్దు. నాది రెండో తిప్పుకే లోపల విరిగింది. ఈజీ అవుట్‌ని బాగా గట్టిపరిచిన ఉక్కుతో చేస్తారు, మామూలు డ్రిల్ బిట్ దాని మీద గీత కూడా పెట్టలేదు. అంటే అప్పటిదాకా చిల్లు వేసుకునే దారైనా ఉండేది, దాన్నీ నా చేతులారా మూసేశాను.

ఆ చిల్లు వేయడంలో కూడా ఒక తప్పు చేశాను. ఉక్కు గట్టిది, చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తనిది, కాబట్టి బిట్ ఏ కాస్త జారినా మెత్తనివైపే పోతుంది. తెగిన ముఖాన్ని ముందు ఆకురాయితో చదును చేసి, సెంటర్ పంచ్‌తో కచ్చితంగా నడిమధ్యలో గుంట కొట్టి, 2 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి, నెమ్మదిగా, నూనె వేస్తూ వేయాలి. ఎడమ చేతి డ్రిల్ బిట్లు అని దొరుకుతాయి, అవి విప్పే దిశలోనే తిరుగుతాయి కాబట్టి ఒక్కోసారి చిల్లు వేస్తుండగానే స్టడ్డు దానంతటదే బయటికొచ్చేస్తుంది. ఈజీ అవుట్ సెట్టు కొనే డబ్బుతో అవి కొనుక్కోవాల్సింది.

రెండో ఆదివారం బండిని తోసుకుంటూ మా సందు చివర మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి. ఆయన టార్చి వేసి చూసి చాలాసేపు ఏమీ అనలేదు. "ఏం జేసినవ్ అన్నా ఇది" అన్నాడు చివరికి. మొండెం బయట మిగిలిన మొదటి స్టడ్డు మీద ఓ నట్టు పెట్టి, నట్టు లోపలి నుంచి వెల్డింగ్ చేసి రెండిటినీ అతికించి, ఎరుపు తగ్గేదాకా ఆగి, పానా వేసి అటూ ఇటూ ఊపితే నిమిషంలో బయటికొచ్చేసింది. పానాకి పట్టు దొరకడం ఒక్కటే కాదు అందులో కిటుకు, వెల్డింగ్ వేడికి తుప్పు పట్టు వదిలిపోతుంది. నా కళ్లముందే జరిగింది కాబట్టి చెప్తున్నా, విరిగిన స్టడ్డు కొసరంతైనా బయట కనిపిస్తుంటే ఇంకేమీ ముట్టుకోకుండా వెల్డింగ్ తెలిసినవాడి దగ్గరికి వెళ్లండి. రెండోది చూసి మాత్రం "ఈజీ అవుట్ లోపల ఇరిగినంక నాతోని కాదు, హెడ్డు దించి ఇస్త, బాలానగర్ తీస్కపో, స్పార్క్ మిషిన్ల పెట్టిస్తరు" అన్నాడు.

బాలానగర్ గురించి తెలియని హైదరాబాదీలు ఎక్కువైపోయారు. 1968 నుంచి టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ అక్కడే ఉంది, డైలు, అచ్చులు, జిగ్గులు తయారు చేయడం నేర్పుతారు, చుట్టూ సందుల్లో లేత్ షాపులు, టూల్ రూములు లెక్కలేనన్ని. అలాంటి ఓ చిన్న షెడ్డులో స్పార్క్ ఎరోజన్ మిషన్ మీద నా హెడ్ పెట్టారు. దాని పని చూడటానికి తమాషాగా ఉంటుంది. స్టడ్డు కంటే సన్నటి రాగి కడ్డీ కిందికి దిగుతుంది గానీ దేన్నీ తాకదు. కడ్డీకీ ఉక్కుకీ మధ్య నూనెలో మునిగిన సన్నటి సందులో నిప్పురవ్వలు పుడుతుంటాయి, ఒక్కో రవ్వ కంటికి ఆననంత ఉక్కుని కరిగించి ఎగరగొడుతుంది. ఉక్కు ఎంత గట్టిదన్నది దానికి సంబంధమే లేదు, కరెంటు పారితే చాలు. ఈజీ అవుట్ ముక్క, స్టడ్డు నడిమి భాగం మాయమైపోయి, థ్రెడ్‌లో పలచటి పెంకు మాత్రం మిగిలింది. దాన్ని ఆ కుర్రాడు సూదిలాంటి కొక్కెంతో స్ప్రింగ్ లాగినట్టు లాగేశాడు. ఎనిమిది వందలు తీసుకున్నాడు, నేను మారు మాట్లాడలేదు.

(ఇంకో దారి ఉందని తర్వాత తెలిసింది, పటిక. గుమ్మానికి దిష్టికి కడతామే, అదే. ఇత్తడిలో విరిగిన ఉక్కు స్క్రూలని తీయడానికి గడియారాలు బాగుచేసేవాళ్లు పటిక నీళ్లలో వేసి వేడి చేస్తారు. ఉక్కు మెల్లగా తినేసుకుపోతుంది, ఇత్తడికి ఏమీ కాదు. అల్యూమినియంలో విరిగిన ట్యాపులకీ (చిల్లులో మరలు కోసే పనిముట్లు), బిట్లకీ కూడా చేస్తారు. గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అమ్మ గిన్నె ఇవ్వదు.)

నేను వంకరగా వేసిన చిల్లు వల్ల థ్రెడ్ ఒకవైపు దెబ్బతింది, అందుకని హెలికాయిల్ వేయించాల్సి వచ్చింది. పాత చిల్లుని కాస్త పెద్దది చేసి, దానికని ఉన్న ప్రత్యేకమైన ట్యాప్‌తో మరలు తీసి, స్టెయిన్‌లెస్ తీగ చుట్టని దాంట్లో దింపుతారు. ఆ చుట్ట లోపలివైపు మళ్లీ 6 మిల్లీమీటర్ల థ్రెడ్డే. ఇదేదో అతుకుల పని అనుకుంటారు చాలామంది. కాదు. మెత్తటి అల్యూమినియం థ్రెడ్ కంటే అదే ఎక్కువ కాలం ఉంటుంది. నన్నడిగితే పదేపదే విప్పే చోట అల్యూమినియంలో ముందే వేయించుకోవచ్చు.

ఇక కొత్త స్టడ్డులు, నట్లు. బోల్టులు, నట్లు అమ్మే దుకాణాలుండే రాణీగంజ్ వెళ్లాను. ఆదివారం సగం దుకాణాలు మూసుంటాయి కాబట్టి ఆఫీసు ఎగ్గొట్టి బుధవారం వెళ్లాను, బండి పార్కింగ్‌కి ఇరవై నిమిషాలు. కౌంటర్ దగ్గర "6 ఎంఎం స్టడ్డు గట్టిది ఇవ్వండి, అన్నిటికంటే గట్టిది" అన్నాను. పెద్దాయన కళ్లద్దాల పైనుంచి చూసి "దేనికి బాబూ?" అన్నాడు. బోల్ట్ కొనేటప్పుడు ఎవరైనా అడగాల్సిన మొదటి ప్రశ్న అదే, నేను మాత్రం అప్పటిదాకా నన్ను నేను అడగలేదు.

బోల్ట్ తల మీద 8.8, 10.9, 12.9 అని అంకెలుంటాయి కదా, అవి సైజులు కావు, బలాన్ని చెప్పే గ్రేడ్లు. మొదటి అంకెని వందతో గుణిస్తే ఎంత లాగుడుకి తెగుతుందో మెగాపాస్కల్స్‌లో వస్తుంది, చుక్క తర్వాతి అంకె అందులో పదింట ఎన్ని వంతుల దగ్గర శాశ్వతంగా సాగిపోతుందో చెప్తుంది. 8.8 అంటే 800 దగ్గర తెగుతుంది, దాంట్లో పదింట ఎనిమిది వంతులు, అంటే 640 దగ్గర సాగుతుంది. 12.9 అంటే 1200, 1080. వినగానే 12.9 కొనేయాలనిపిస్తుంది. కానీ నా స్టడ్డు ఉన్నది అల్యూమినియంలో. ఎంత గట్టి స్టడ్డు పెట్టినా ముందు ఊడొచ్చేది అల్యూమినియం మరలే, అందుకే అల్యూమినియంలో బోల్ట్ కనీసం దాని మందానికి ఒకటిన్నర, రెండు రెట్ల లోతు దిగాలంటారు, 6 మిల్లీమీటర్లకి 9 నుంచి 12 అన్నమాట. పైగా రేపు మళ్లీ విరిగితే (నా చేతిలో విరుగుతుంది) 12.9కి చిల్లు వేయడం నరకం. కనెక్టింగ్ రాడ్ బోల్ట్, ఫ్లైవీల్ బోల్ట్ లాంటి చోట్ల కంపెనీ ఏ గ్రేడ్ ఇచ్చిందో అదే, కంపెనీ ప్యాకెట్‌లోదే కొనాలి, కిలో లెక్కన అమ్మే డబ్బాల్లో వెతక్కూడదు. తల మీద గ్రేడూ, తయారుచేసినవాడి గుర్తూ రెండూ లేని బోల్ట్‌ని ఇంజన్ దగ్గరికి రానీయకండి, గేటుకి వాడుకోండి.

"పోనీ స్టెయిన్‌లెస్ ఇవ్వండి, తుప్పు పట్టదు" అన్నాను. ఇది నా పాత జబ్బు. మూడేళ్ల క్రితం నా బండి ఇంజన్ కవర్‌కి మెరిసే స్టెయిన్‌లెస్ అలెన్ బోల్టులు వేయించి ఫోటోలు కూడా పెట్టాను. రెండు వానాకాలాలకి బోల్టులు అలాగే మెరుస్తున్నాయి, వాటి చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతోంది. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో తడి, బ్యాటరీ అయిపోయింది, అందులో నష్టపోయేది అల్యూమినియం. ఇంకో సంగతి, మామూలుగా దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్ 8.8 కంటే మెత్తనిది, 450 దగ్గరే సాగుతుంది. స్టెయిన్‌లెస్ బోల్ట్‌కి స్టెయిన్‌లెస్ నట్టు వేసి గబగబా బిగిస్తే తుప్పు లేకుండానే రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని వెల్డింగ్ చేసినట్టు పట్టేస్తాయి. వాడాల్సి వస్తే అలా పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ గ్రీజు పూసి, నెమ్మదిగా బిగించాలి. పెద్దాయన ఇదంతా చెప్పలేదు లెండి, "సైలెన్సర్‌కి ఇత్తడి నట్టు వేస్కో" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు.

నాకు ఇత్తడి నట్టు అనగానే బలం లేనిదనిపించింది. ఆలోచిస్తే అక్కడ బలం పెద్దగా అక్కర్లేదు, గ్యాస్కెట్‌ని నొక్కి ఉంచితే చాలు. ఇత్తడి తుప్పు పట్టదు, ఉక్కు స్టడ్డుని కరుచుకోదు, పదేళ్ల తర్వాత పట్టేసినా ముందు నట్టు మరలు పోతాయి గానీ స్టడ్డు తెగదు. పది రూపాయల నట్టు పోతుంది, హెడ్ మిగుల్తుంది. 8.8 స్టడ్డులు రెండు, పొడవాటి ఇత్తడి నట్లు రెండు తీసుకున్నాను. పిచ్, అంటే ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం, సరిచూసుకున్నాను కూడా. ఇది చాలామందిని ముంచుతుంది, ముఖ్యంగా 10 మిల్లీమీటర్ల బోల్టుల్లో. దుకాణంలో మామూలుగా ఇచ్చేది 1.5 పిచ్, జపాన్ డిజైన్ బండ్లలో ఎక్కువగా ఉండేది 1.25. తప్పుడుది రెండు చుట్లు చేత్తో దిగి ఆగుతుంది, "కొంచెం టైట్‌గా ఉంది" అని పానా వేశారా, హెడ్ పోయినట్టే. పాత బోల్ట్ జేబులో వేసుకెళ్లి దాని మరలకి కొత్తదాని మరలు ఆనించి వెలుతురులో చూస్తే చాలు, గేజ్ కూడా అక్కర్లేదు.

మూడో ఆదివారం బిగింపు. టార్క్ రెంచ్ (ఎంత బలంతో తిప్పుతున్నామో చెప్పే పానా) ఓ స్నేహితుడి దగ్గర తెచ్చాను. బిగించడమంటే బోల్ట్‌ని సాగదీయడం, బట్టల క్లిప్పులో స్ప్రింగ్ లాగ అది వెనక్కి లాగే బలమే రెండు ముక్కల్ని కలిపి ఉంచుతుంది. 100 మిల్లీమీటర్ల పొడవున్న 8.8 బోల్ట్‌ని సరిగ్గా బిగిస్తే పావు మిల్లీమీటర్ దాకా సాగుతుంది. మనం పానా మీద పెట్టే బలంలో దాదాపు సగం నట్టు కింద రాపిడికే పోతుంది, ఇంకో నూటికి నలభై వంతులు మరల రాపిడికి, సాగదీయడానికి మిగిలేది నూటికి ఓ పది వంతులు. అందుకే థ్రెడ్‌కి గ్రీజు పూసి, పొడి థ్రెడ్‌కి చెప్పిన టార్క్‌కే బిగిస్తే రాపిడి తగ్గిన మేరకు అంతా బోల్ట్ మీదే పడుతుంది, తెగొచ్చు. నేను రాగి గ్రీజు పూశాను కాబట్టి 8 న్యూటన్ మీటర్లు అనుకున్నది 6 దగ్గరే ఆపాను, ఒక నట్టు కొంచెం, రెండోది కొంచెం, మార్చి మార్చి. స్ప్రింగ్ వాషర్ వేయలేదు, నొక్కుకుని చదునయ్యాక అదీ మామూలు వాషరే. 1969లోనే యుంకర్ అనే జర్మన్ ఇంజనీర్ అడ్డంగా కదిలే అదురుకి బోల్టులు ఎలా వదులవుతాయో పరీక్ష పెట్టి చూపించాడు, మనవాళ్లు ఇంకా ప్రతిదానికీ స్ప్రింగ్ వాషర్ వేస్తూనే ఉన్నారు. వదులవకుండా ఉండాలంటే సరిగ్గా బిగించడమే, లేదా నీలం రంగు లాక్ ద్రవం, అది కూడా సైలెన్సర్ దగ్గర వేడికి నిలవదు. ఎరుపుది మాత్రం చిన్న బోల్టులకి ఎప్పుడూ వేయొద్దు, 250 డిగ్రీలకి కాల్చితే గానీ వదలదు, ఆ సంగతి తెలియక తర్వాత విప్పేవాడు విరగ్గొడతాడు.

స్టార్ట్ చేస్తే పట్ పట్ లేదు. నాన్న కిందికి దిగొచ్చి, ఓ చెయ్యి వెనక్కి కట్టుకుని, పైపు దగ్గర వంగి విన్నాడు. సీటు మీద కూర్చుని ఏఎస్ రావు నగర్ దాకా వెళ్లొచ్చాడు, పెట్రోల్ కొట్టించుకొచ్చాడు. పైకి వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, "ఒరేయ్, ఇంజన్ ఆయిల్ మార్చాలి, డ్రెయిన్ బోల్ట్ నువ్వు ముట్టుకోకు, ఉస్తాద్ దగ్గరికి నేనే తీసుకెళ్తా" అన్నాడు.